కచ్చా కుట్టు

మా పెద్దమ్మ ఏ బట్టనైనా ముందు తిరగేసి చూస్తుంది. పైన ఎన్ని తళుకులున్నా ఆమెకు పట్టదు. లోపలి అంచులు పీచులు రేగి ఉంటే, "ఇది కుట్టినవాడు అన్నం కూడా నమలకుండా మింగే రకం" అని తీర్పు చెప్పేస్తుంది. ఒకసారి బస్సులో ముందు సీట్లో కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషి కాలరు తిప్పి చూడబోయి తిట్లు కూడా తింది. ఆమె దగ్గర పని నేర్చుకున్నదాన్ని కనుక ఆ పిచ్చి నాకూ అంటుకుంది. ఆ వానాకాలం మా ఇంట్లో జరిగినదానికంతటికీ ఆ పిచ్చే కారణమని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. చెప్పుకోవడానికి బాగానే ఉంటుంది.

ముందు గదిలో కొట్టు, వెనక గదుల్లో కాపురం. కొట్టులో పనిచేసేది పెద్దమ్మ, నేను, అంతే. రెండు మిషన్లు, సగం గదిని మింగేసిన కత్తిరింపు బల్ల, మూలన నిలువుటద్దం, దాని ముందు తెర. కొలతల పుస్తకం మాత్రం సొరుగులో తాళం కింద ఉండేది. ఒకరి కొలత ఇంకొకరి కంట పడకూడదని పెద్దమ్మ పట్టుదల. నోటి దురుసు ఎక్కువని నన్ను ఆమె "కత్తెరా" అని పిలిచేది. నా అసలు పేరు బడి రిజిస్టరులో తప్ప ఎక్కడా వినపడి ఎరగను.

పెదనాన్న ఒక పత్రికలో ముప్పై ఏళ్లు అచ్చుతప్పులు దిద్ది రిటైరయ్యాడు. అలవాటు పోలేదు. రోజూ పొద్దున్నే ఎర్ర పెన్సిల్ పట్టుకుని, అప్పటికే అచ్చయి ఊరంతా పంచేసిన పేపరును దిద్దుతూ కూర్చునేవాడు.

నాకు వాళ్లకు తెలియని వ్యాపకం ఒకటుండేది. ఫోన్లో "లోపలి కుట్టు" అని ఒక పేజీ నడిపేదాన్ని. అన్నీ తిరగేసిన బట్టల ఫోటోలే. తొడుక్కున్నవాళ్ల మొహం ఉండదు, కుట్టినవాళ్ల పేరు ఉండదు, నా పేరు అసలే ఉండదు. నలభై వేల మంది చూసేవాళ్లు. అందరూ దర్జీలు, కుట్టు నేర్చుకుంటున్నవాళ్లు. పెద్దమ్మకు ఫోనంటే పచ్చ బటను, ఎర్ర బటను, అంతవరకే.

మా ఇంట్లో పాటమ్మ అని పిలుచుకునే గాయని ఒకామె ఉంది. బయట ఆమె పేరు తెలియనివాళ్లు లేరు. ఇరవై ఏళ్లుగా ఆమె కచేరీ బట్టలన్నీ పెద్దమ్మే కుట్టింది. ఆ ఏడు వానలకు ముందు ఆమె నాలుగు నెలలు ఎక్కడా కనపడలేదు. గొంతుకు విశ్రాంతి అని పత్రికలు రాశాయి. మళ్లీ మా కొట్టుకు వచ్చిన రోజు పెద్దమ్మ టేపు పట్టుకుని ఒక్కతే తెర వెనక్కి వెళ్లింది. అరగంటకు బయటికి వచ్చి, కొలతల పుస్తకంలో పాత పేజీ కొట్టేసి కొత్తది తిప్పింది.

ఆమె కారు వెళ్లాక నన్ను దగ్గరికి పిలిచింది.

"ఎడమ రొమ్ము తీసేశారే. కేన్సరట. కత్తిరింపులో తేడా వస్తుందని నీకు చెప్తున్నా, లేకపోతే నీకూ చెప్పను. ఇది ఈ బల్ల దాటకూడదు."

"నేనెవరికి చెప్తాను పెద్దమ్మా?"

"నీ నోరు నాకు తెలీదా కత్తెరా."

నోరు మాత్రం నేను మెదపలేదు.

నీలం ముఖమల్ గౌను. దాని అస్తరులో, అంటే లోపలి గుడ్డలో, ఎడమవైపు, రొమ్ము స్థానంలో పెట్టుకునే మెత్త జారిపోకుండా పట్టి ఉంచే చిన్న సంచి ఒకటి కుట్టాలి. పెద్దమ్మ మూడుసార్లు కుట్టి మూడుసార్లు విప్పేసింది. పాడేటప్పుడు ఊపిరి తీస్తే బట్ట లేస్తుంది, మెత్త లేవకూడదు. కుట్లు మచ్చకు ఒరుసుకోకూడదు. నాలుగోసారి ఆకు ఆకారంలో కత్తిరించి, అంచులన్నీ బయటివైపుకు మడిచి, ఎర్రదారంతో కచ్చా కుట్టు వేసి బల్ల మీద పరిచింది. కచ్చా కుట్టంటే అసలు కుట్టు పడేదాకా బట్టను నిలిపి ఉంచే తాత్కాలికపు పోగు. పని పూర్తయితే లాగేస్తాం. అందుకే బట్టలో కలిసిపోని రంగు దారం వాడతాం.

పెద్దమ్మ టీ పెట్టుకోవడానికి లోపలికి వెళ్లింది. వాన వెలుతురు కిటికీలోంచి సరిగ్గా ఆ ఆకు మీద పడుతోంది. అంత చక్కటి పని నా కళ్లతో నేను చూడలేదు. ఫోటో తీసి, "ఈ చేతులకు సాటి వచ్చే చేతులు చూపించండి" అని రాసి పెట్టేశాను. అప్పుడు నా మనసులో పెద్దమ్మ మీద ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. ఇది ఎవరి ముందైనా చెప్పగలను.

రెండో రోజు ఎవరో ఒకామె ఫోటో కింద రాసింది. "అది జేబు కాదండీ. రొమ్ము ఆపరేషనయిన వాళ్లకు అలా కుడతారు. మా అమ్మకు నేనే కుట్టాను, ఇంత బాగా రాలేదు." ఇస్త్రీ చేస్తూ చదివాను. ఫోటో తీసేసే బటను మీదకు వేలు వెళ్లింది. అప్పటికి ఆరు వేల మంది మెచ్చుకున్నారు. ఎవరి గౌనో ఎవరికి తెలుస్తుందిలే, సాయంత్రం తీసేద్దాం అనుకున్నాను. సాయంత్రానికి తొమ్మిది వేలయింది. రేపు తీసేద్దాం అనుకున్నాను.

నాలుగో రోజు ఆ గౌనుతో పాటమ్మ వేదిక ఎక్కింది. గౌను అంచున వెండి జరీతో ఒక తీగ ఉంది. నా ఫోటోలో ఓ మూలన ఆ తీగ వెనకవైపు బొటనవేలంత కనపడుతోంది. ఆమె అభిమాని ఒకడు ఆ ముక్కను ఫోన్లో తిరగేసి, వేదిక ఫోటో పక్కన పెట్టాడు. పోగుకు పోగు సరిపోయింది. మర్నాడు మధ్యాహ్నానికి ఊరూవాడా అదే మాట.

పెట్టెమ్మ వానలో తడుస్తూ పరుగెత్తుకొచ్చింది. పాటమ్మ బట్టల పెట్టె మోసుకెళ్లి, కచేరీ హాల్లో ఆమెకు తొడిగే మనిషి. అందుకని మాకు పెట్టెమ్మ.

"వదినా, ఘోరం జరిగిపోయింది. ఎవరో గౌను లోపల ఫోటో తీసి ఫోన్లో పెట్టారు. ఆవిడ తలుపేసుకుని కూర్చుంది. వాళ్ల అమ్మగారికి కూడా ఇన్నాళ్లూ చెప్పలేదంట, ఆ ముసలావిడ పొరుగింటివాళ్ల నోట విన్నది."

పెద్దమ్మ చేతిలోని సుద్దముక్క కిందపడి విరిగింది. "ఫోటో ఏదీ?" అని అడగబోయి ఆగింది. "వద్దులే. చూడొద్దని కదా ఆమె మొత్తుకుంటోంది. నేను చూడను."

నేను వంగి సుద్దముక్కలు ఏరాను. ఎంతసేపు ఏరానో నాకే తెలియదు.

మూడు రోజులకు కోర్టు ఉత్తర్వు వచ్చింది. వాది ఆరోగ్యం గురించి ఎవరూ రాయకూడదు, ఫోటో పంచకూడదు, వాది పేరు కూడా బయటపెట్టకూడదు. ప్రతివాదులలో మొదటిది, "లోపలి కుట్టు అనే పేజీని నడుపుతున్న గుర్తు తెలియని వ్యక్తి". అన్నాల దగ్గర పెదనాన్న పేపరు తీసి మొదలుపెట్టాడు.

"చూడండి, 'ఒక ప్రముఖ కళాకారిణి' అట. పేరు లేని వార్త కూడా వార్తేనా? ముప్పై ఏళ్ల కిందట మందుల ఫ్యాక్టరీవాడు ఇలాగే ఆర్డరు తెచ్చుకున్నాడు. నేను దిద్దిన పేజీ, మిషనెక్కాక దింపేశారు. ఆ పాడు మందు ఇంకో ఏడాది అమ్మారు. కోర్టు చేత నోరు మూయించడమంటే నాకు ఒళ్లు మంట."

"ఇది మందు కాదుగా," అంది పెద్దమ్మ.

"సూత్రం సూత్రమే."

"అలాగా. అయితే నీ మొలల ఆపరేషను సంగతి వీధి చివర గోడ మీద రాయిస్తా. అప్పుడు చెబుదువుగాని సూత్రం."

"నేను ప్రముఖుణ్ణి కాదుగా!"

"ప్రముఖులైతే ఒళ్లుండదా?"

పెదనాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. నేను పళ్లెం పక్కకు జరిపాను. నీళ్లు తాగి లేచిపోయాను.

ఫోన్లో నా ఫోటో ఉండాల్సిన చోట బూడిదరంగు డబ్బా ఒకటి కూర్చుంది. కోర్టు ఉత్తర్వు ప్రకారం ఇది కనిపించదని అందులో రాసి ఉంది. హమ్మయ్య అనుకోవాల్సింది. అనుకోలేదు. కోపం వచ్చింది. మా బల్ల, మా పెద్దమ్మ పని, నా ఫోటో. నేనెవరి పేరూ రాయలేదు. ఎవడో తీగ తిరగేసి చూస్తే నేను ప్రతివాదినా? పైగా వందల మంది రాస్తున్నారు. "భయపడకండి, మేమున్నాం." "చేతిపని చూపించుకునే హక్కు కూడా లేదా?" నాకు అన్యాయం జరిగిందని అంతమంది అంటుంటే నిజంగానే జరిగిందనిపించింది.

తెల్లగుడ్డ మీద నల్లదారం ఎక్కించిన సూది పెట్టి ఫోటో తీశాను. దాని కింద రాశాను. "కోర్టు నా నోరు కుట్టేసింది. కుట్టు మాత్రం వంకర."

అది అంటుకుంది. రెండు రోజుల్లో రెండు లక్షల మంది. సూదిలో దారం ఎక్కించడం రానివాళ్లు కూడా వచ్చారు. పెదాల మీద కుట్లు గీసుకుని ఫోటోలు పెట్టారు. వచ్చిన ప్రతివాడూ "ఇంతకీ ఏమిటి సంగతి?" అని అడిగేవాడు, పది మంది చెవిలో చెప్పినట్టు చెప్పేవాళ్లు. ఉత్తర్వుతో కాస్త సద్దుమణుగుతున్నదాన్ని నేనే గుప్పెళ్లతో తవ్వి పైకి తీశాను. మొదటిది పొరపాటే అనుకుందాం. ఇది మాత్రం తెలిసి చేసిన పని.

ఇంకా సిగ్గుచేటు ఒకటుంది. ఆ వాక్యం పేపర్లో పడింది. పెదనాన్న ఎర్ర పెన్సిల్ గాల్లో ఊపుతూ పైకి చదివాడు. "కుట్టు మాత్రం వంకర! అబ్బ, ఎవడోగానీ రాయడం తెలిసినవాడు. ఒక్క అక్షరం దిద్దక్కర్లేదు." జీవితంలో ఆయన మెచ్చుకున్న మొదటి వాక్యం నాది. ఎక్కడో తన గదిలో తలుపేసుకున్న ఒక ఆడమనిషి నాకు గుర్తుకు రావాల్సిన క్షణం. నాకు సంతోషం వేసింది.

ఆ వారమే పెట్టెమ్మను పనిలోంచి తీసేశారు. గౌనును లోపలివైపు చూసేది దర్జీ, తొడిగే మనిషి మాత్రమే. ఇరవై ఏళ్లుగా కుడుతున్న దర్జీని పాటమ్మ అనుమానించలేదు. నిజం తెలిసి కూడా నేను నోరెత్తలేదు. రెండు లక్షల మంది ముందు నోరు కుట్టేశారని ఏడ్చినదాన్ని, ఇంట్లో ఒక్క మాట కోసం నోరు తెరవలేకపోయాను. రోజూ పొద్దున్నే ఈ రోజు చెబుతాను అనుకునేదాన్ని. పెద్దమ్మ "కత్తెరా, ఆ బొత్తాలు తే" అనగానే, తెచ్చి ఇచ్చి, రేపు చెబుతాను అనుకునేదాన్ని. అలా పదకొండు రోజులు.

పన్నెండో రోజు పెట్టెమ్మ వచ్చింది. గొడుగు గుమ్మంలోనే వదిలేసి నేరుగా పెద్దమ్మ మిషను దగ్గరికి వెళ్లింది.

"నా ఫోను లాక్కుని చూశారు వదినా. ఏం దొరకలేదు. దొరక్కపోతే, చెరిపేసి ఉంటావన్నారు. పన్నెండేళ్లు ఆవిడ వీపు మీద బొత్తాలు పెట్టాను. నువ్వు చూడనన్నావు, నాకు తెలుసు. నా కోసం ఒక్కసారి చూడు. ఇది నేను తీసిందేనా? నేను పెట్టె మూత హాల్లో తప్ప ఎక్కడా తెరవను."

ఆమె చేతి ఫోన్లో, ఎవరో దాచి పంపిన, నేను తీసిన ఫోటో ఉంది.

పెద్దమ్మ కళ్లజోడు తుడుచుకుని పెట్టుకుంది. ఫోను దూరంగా పట్టుకుంది, దగ్గరికి తెచ్చింది. ఆమె బొటనవేలు ఫోను అద్దం మీద మెల్లగా కదిలింది, బట్ట నాణ్యం చూసేటప్పుడు కదిలినట్టే. నేను బల్ల అవతల అస్తరు కత్తిరిస్తున్నాను. కత్తెర ఆపలేదు. ఆపితే తెలిసిపోతుందని భయం.

"కచ్చా కుట్టు తీయలేదింకా," అంది.

"ఏంటి వదినా?" అంది పెట్టెమ్మ, అర్థంకాక.

"ఏం లేదు. నువ్వు తీసింది కాదని నాకు తెలిసింది. కూర్చో, టీ తాగి వెళ్దువుగాని."

ఫోను తిరిగిచ్చి, మిషను కింద సగంలో ఉన్న కుట్టును చివరిదాకా కుట్టింది. దారం తెంపింది. నా వైపు చూడలేదు. ఎర్రపోగు లాగేశాకనే ఆ గౌను పెట్టెమ్మ చేతికి వెళ్లింది. పోగు ఉండగా ఆ గౌను దగ్గర ఉన్నది ఇద్దరం.

టీ అయ్యాక పెద్దమ్మ గొడుగు తీసుకుని పెట్టెమ్మతో బయలుదేరింది. పాటమ్మ దగ్గరికని నాకు తెలుసు. తిరిగొచ్చేసరికి చీకటి పడుతోంది. మోకాళ్ల దాకా తడిసింది.

"పెద్దమ్మా, నేను..."

"అస్తరు గుడ్డకు చెమ్మ తగిలింది. ఆరెయ్."

అంతే. ఒక దెబ్బ వేసినా బాగుండేది.

అక్కడ ఏం జరిగిందో పెట్టెమ్మ ద్వారా తర్వాత తెలిసింది. "నా బల్ల మీద తీసిన ఫోటో అమ్మా, తప్పు నాది" అందట పెద్దమ్మ. పేజీ ఎవరిదో చెప్పమని లాయరు గట్టిగా అడిగాడట. "నా కొట్టు. రాసుకోవాలంటే నా పేరు రాసుకోండి" అందట. పాటమ్మ ఇక వదిలేయమని లాయరుకు చెప్పిందట. పెట్టెమ్మను మర్నాటి నుంచి రమ్మందట. కోర్టు కాగితాల్లో నేను ఈ రోజుకీ గుర్తు తెలియని వ్యక్తినే.

పెదనాన్నకు నేనే చెప్పాను. ఎర్ర పెన్సిల్ కింద పెట్టి విన్నాడు.

"వాక్యం బాగుందే అమ్మా," అన్నాడు చివరికి. "కానీ అబద్ధం. నీ నోరు ఎవరూ కుట్టలేదు. ఆమె ఒళ్లు నీది కాదన్నారు, అంతే. నాకూ వయసొచ్చింది గానీ ఆ తేడా నేను దిద్దలేదు."

మర్నాడు పేజీ మూసేశాను. దానికి కూడా నాకే పేరొచ్చింది. చివరికి పూర్తిగా నోరు మూయించేశారంటూ జనం ఇంకో వారం నా తరఫున అరిచారు. కాదు, నేనే మూశాను, సిగ్గుతో మూశాను అని చెప్పడానికి పేజీ లేదు.

వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో, ఓ మధ్యాహ్నం పాటమ్మ వచ్చింది. వెనక పెట్టెతో పెట్టెమ్మ. నీలం గౌను తీసి బల్ల మీద పరిచారు.

"అక్కా, లోపలి ఆ సంచి తీసేయండి."

"అదేంటమ్మా? సరిగ్గా కూర్చోవడం లేదా?"

"బాగానే కూర్చుంటోంది. కానీ నేను వేదికెక్కగానే అందరి కళ్లూ ముందు అక్కడికే వెళ్తున్నాయి. ఏది నిజందో, ఏది కాదో తేల్చుకుందామని. పాట ఎవరూ వినట్లేదు. లేదని కనపడితే ఇక చూడటం మానేస్తారేమో."

పెద్దమ్మ చిన్న కత్తెర తీసి నా ముందు పెట్టింది. "విప్పు," అంది.

పెట్టెమ్మా పెద్దమ్మా ఇంకో గౌను కొలతలు చూడటానికి అద్దం వైపు వెళ్లారు. పాటమ్మ నా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. నాలుగోసారికి కుదిరిన ఆ ఆకును నేను పోగు పోగుగా విప్పుతున్నాను.

"చక్కగా వచ్చింది ఫోటో," అందామె.

నేను ఇంకో పోగు తెంపాను.

"నిజంగానే అంటున్నా. దాన్ని తొడుక్కున్నానేగానీ లోపల ఎలా ఉందో ఎప్పుడూ చూసుకోలేదు. ఫోటోలో చూశాకే తెలిసింది మీ పెద్దమ్మ నా కోసం ఎంత అవస్థ పడిందో."

"నన్ను క్షమించండి."

ఆమె గౌను అంచున వెండి తీగను వేలితో రాసింది.

"నన్నొక్క మాట అడగాల్సింది," అంది. "ఏమో, ఒప్పుకునేదాన్నేమో."

ఆఖరి పోగు తెగింది. ఆకు ఊడి నా ఒళ్లో పడింది.

ఆ తర్వాతి కచేరీకి ఆమె ఎడమవైపు చదునుగానే పాడింది. జనం లేచి నిలబడ్డారట. ఎంత ధైర్యం అని అన్ని పత్రికలూ రాశాయి. దాచుకోకుండా బయటపడటమే మంచిదయిందని, ఆ ఫోటో పెట్టినవాళ్లకు దణ్ణం పెట్టాలని కూడా ఎవరో రాశారు. పెదనాన్న ఆ ముక్కను ఎర్ర పెన్సిల్‌తో అడ్డంగా కొట్టేశాడు.

ఇదంతా జరిగి నాలుగేళ్లు. పాటమ్మ బట్టలు ఇప్పటికీ మా కొట్టులోనే కుడుతున్నాం. పెద్దమ్మ నాతో ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. పని చెబుతుంది, వండిపెడుతుంది, జ్వరమొస్తే తడిగుడ్డ వేస్తుంది. కానీ ఆ సంచి విప్పిన రోజు, వాళ్లు వెళ్లిపోయాక, అద్దం ముందు తెర లాగమని నాకు చెబుతూ ఆమె నన్ను పేరు పెట్టి పిలిచింది. బడి రిజిస్టరులో ఉన్న నా పూర్తి పేరు. ఎవరినో పిలుస్తోందనుకుని నేను గుమ్మం వైపు చూశాను.

అప్పటి నుంచీ అలాగే పిలుస్తోంది.